పంటి మీది మరక, బడిలో చోటు

ఉమ్మడి నల్లగొండ జిల్లాను నీటిని బట్టి చూస్తే అది రెండు భాగాలుగా విడిపోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ, పారే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు ఒక భాగం కాగా, కృష్ణమ్మ అదే జిల్లా అంచున పారుతున్నా నేల ఎత్తుగా ఉండటం వల్ల కాలువ అందక, తరాల తరబడి బావులనూ బోర్లనూ నమ్ముకుని బతికిన మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, చౌటుప్పల్ వంటి మెట్ట ప్రాంతాలు రెండో భాగం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. పాలనా సరిహద్దులు మారినా, మెట్ట నేలల కింద నల్లరాయి పొరల్లో నిలిచిన నీటి స్వభావం మాత్రం మారలేదు. ఆ నీటిలోని ఫ్లోరైడ్ ఈ ప్రాంతపు ఎన్నో పల్లెల పిల్లల పళ్ల మీద చెరగని గుర్తు వేసింది.

ముఖం మీదా చర్మం మీదా అవయవాల ఆకృతిలోనూ ఎదుటివారి కంటికి వెంటనే ఆనే తేడాను మనస్తత్వ శాస్త్రంలో ‘కనిపించే తేడా’ అని వ్యవహరిస్తున్నారు. పుట్టుకతో వచ్చిన గ్రహణం మొర్రి, మధ్యలో మొదలయ్యే బొల్లి మచ్చలు, కాలిన గాయాల గుర్తులు, మరుగుజ్జుతనం, ఫ్లోరోసిస్ వల్ల గోధుమరంగు తిరిగిన పళ్లు, వంగిన కాళ్లు ఇవన్నీ ఆ మాట కిందికి వస్తాయి. వీటిలో చాలావాటికి చదువుతో వైద్యపరమైన సంబంధం ఏమీ లేదు. బొల్లి మచ్చ ఉన్న పిల్లకు లెక్కలు రాకపోవడానికి కారణం లేదు, పళ్లు గారబట్టిన పిల్లవాడు పద్యం అప్పజెప్పలేకపోవడానికీ కారణం లేదు. అయినా వీరిలో కొందరు నోరు విప్పడం మానేస్తారు, కొందరు చివరి బెంచీకి జరుగుతారు, కొందరు బడే మానేస్తారు. చదువుకూ తేడాకూ మధ్య ఈ లంకె ఎక్కడ పడుతున్నదో చూడటానికి ఉమ్మడి నల్లగొండ అనుభవం కంటే తగిన ఉదాహరణ తెలుగునాట మరొకటి దొరకదు.

నీరు రాసిన రాత

ఫ్లోరైడ్ విషయంలో తెలుగు నేలకు పాత చరిత్రే ఉంది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ప్రజలు తాగునీటి వల్లనే ఎముకలు బిగుసుకుపోయి వికలాంగులవుతున్నారని వైద్య పత్రికలో వెల్లడించారు. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ తర్వాత నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తొలగించే పద్ధతిని రూపొందించి దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టడంతో, ఈ జిల్లా పేరు ప్రపంచంలోని నీటిశుద్ధి పాఠ్యపుస్తకాలకెక్కింది. జిల్లాకు దక్కిన కీర్తుల్లో ఇది ఎవరూ కోరుకోనిది.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రామును కోరదగిన పరిమితిగానూ, వేరే నీటి వనరు లేనిచోట 1.5ను గరిష్ఠంగానూ నిర్ణయించింది. మెట్ట మండలాల బోర్లలో ఈ హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువ ఫ్లోరైడ్ తేలింది. అది శరీరంలో చేసే హాని రెండు రకాలు. ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుని వెన్నునూ కీళ్లనూ బిగించేసేది ఎముకల ఫ్లోరోసిస్. పంటి మీద ఉండే ఎనామిల్ అనే గట్టి పొర తయారయ్యే దశలో దానిని దెబ్బతీసేది దంత ఫ్లోరోసిస్. మొదటిది ఎక్కువగా పెద్దవయసులో ముదురుతుంది, రెండోది పూర్తిగా బాల్యానిదే.

దంత ఫ్లోరోసిస్ కాలక్రమాన్ని కొంచెం నిదానంగా గమనించాలి. శాశ్వత దంతాల ఎనామిల్ చిగుళ్ల లోపల పుట్టుక నుంచి సుమారు ఎనిమిదేళ్ల వయసు వరకు తయారవుతుంది. ఆ ఏళ్లలో తాగిన నీరే పంటి రాతను నిర్ణయిస్తుంది. పన్ను బయటికి వచ్చాక ఎంత మంచినీరు తాగినా మరక పోదు, ఎంత ఫ్లోరైడ్ నీరు తాగినా ఆ పంటికి కొత్తగా దంత ఫ్లోరోసిస్ రాదు. పై వరుస ముందు పళ్లు పాలపళ్ల స్థానంలో బయటపడేది ఏడెనిమిదేళ్లకు, అంటే పిల్లలు రెండో మూడో తరగతిలో ఉన్నప్పుడు. పిల్లలు తమను తోటివారితో పోల్చుకుని తామేమిటో అంచనా వేసుకోవడం గట్టిగా మొదలయ్యేదీ ఆ వయసులోనేనని వికాస మనస్తత్వ శాస్త్రం చెబుతున్నది. శరీరం మీద గుర్తు బయటపడటం, దానిని ఇతరులతో పోల్చి చూసే బుద్ధి మేలుకోవడం దాదాపు ఒకే సమయంలో జరుగుతాయన్న మాట. ఉపాధ్యాయ శిక్షణలో ఈ సంగతిని ఒక పాఠంగా చెప్పవలసినంత విలువ ఉంది.

పళ్లతోనే కథ ఆగలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో, ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ, పాదాలు ఎడంగా పడే వైకల్యాన్ని వివరించారు. బాధితుల్లో ఎక్కువమంది ఎదిగే వయసు పిల్లలే. నాగార్జునసాగర్ జలాశయం వల్ల భూగర్భ జలమట్టం పెరిగి, నేలలోని సూక్ష్మ ఖనిజాల తీరు మారి, జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువై, శరీరంలో రాగి తగ్గి, ఫ్లోరైడ్ హాని ముదిరి ఉంటుందన్న వాదన అప్పట్లో ఆ సంస్థ నుంచి వెలువడింది. మిర్యాలగూడకు వరి కోతలనూ బియ్యం మిల్లులనూ తెచ్చిపెట్టిన జలాశయమే మరోచోట పిల్లల కాళ్లు వంకర పోవడానికి కొంత కారణమై ఉండవచ్చునన్న ఆ ఆలోచన, అభివృద్ధి లెక్కల్లో ఎవరి శరీరాలు ఏ గడిలో పడతాయన్న ప్రశ్నను యాభై ఏళ్ల కిందటే లేవనెత్తింది.

చూపించడం వల్ల వచ్చిన నీరు

ఫ్లోరైడ్ బాధను లోకం దృష్టికి తెచ్చినవారిలో సూర్యాపేట ప్రాంతపు మనిషి ఒకరున్నారు. మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి జల సాధన సమితిని నడిపారు. తన సొంత భూమిలో అడవిని పెంచిన వ్యక్తిగా ఈ తరం వారికి ఆయన ఎక్కువగా తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడి, బ్యాలెట్ కాగితం పుస్తకమంత కావడం వెనుక ఉన్నది ఈ నీటి ఉద్యమమే. ఆ ఎన్నికలో గెలిచిన బొమ్మగాని ధర్మభిక్షం కూడా సూర్యాపేటవారే. ఆ ఏడాదే పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. ఫ్లోరైడ్ సమస్య పరిష్కారం కంటే నామినేషన్ల సమస్య పరిష్కారం త్వరగా జరిగిందని చెప్పక తప్పదు.

మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామిని, అతడు ఇంకా బాలుడిగా ఉన్నప్పుడే, ఉద్యమకారులు ఢిల్లీకి తీసుకువెళ్లి అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందు ఉంచారు. కాళ్లూ చేతులూ మెలిపడి, ఎదుగుదల ఆగిన ఆ శరీరం ఆనాటి నుంచి ఫ్లోరైడ్ పోరాటానికి చిరునామా అయింది. పెద్దవాడయ్యాక స్వామి స్వయంగా ఆ పోరాటంలో మాట్లాడే గొంతు అయ్యాడు, 2023 జనవరిలో మరణించాడు. రాష్ట్ర ప్రభుత్వం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో ఉమ్మడి జిల్లాలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించిందంటే, నదీజలాలను ఇంటింటికీ పంపే పథకానికి నైతిక బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

వంకర తిరిగిన శరీరాలను కెమెరాల ముందు ఉంచకపోతే ఆ నీరు వచ్చేది కాదు, ఇందులో సందేహం అక్కరలేదు. కానీ దశాబ్దాల పాటు పత్రికల్లో, గోడ పత్రికల మీద, ఎన్నికల ప్రచారంలో ఆ బొమ్మలనే చూస్తూ పెరిగిన పిల్లలకు మరో సంగతి కూడా నాటుకుపోయింది: అలాంటి శరీరం ఉన్నవాడు జాలిపడవలసినవాడు. నోరు తెరిపించి పళ్లు ఫొటో తీసుకుపోయిన బయటివారు ఆ పిల్లవాడు ఏ తరగతి చదువుతున్నాడో అడిగిన సందర్భాలు అరుదు. జాలి వెక్కిరింతకు విరుగుడని పెద్దలు అనుకుంటారు గాని, తరగతి గదిలో రెండింటి ఫలితమూ ఒక్కటే. రెండింటిలోనూ ఆ పిల్లవాడు తోటివాడు కాడు.

పల్లె బడి, పట్నం బడి

ఊరంతా ఒకే బావి నీరు తాగిన పల్లెలో పళ్లు గారబట్టి ఉండటం ఒక తేడా కానే కాదు. పక్కన కూర్చున్నవాడి పళ్లూ అలాగే ఉంటాయి, వాడి అన్న పళ్లూ అలాగే ఉంటాయి, కొన్నిచోట్ల ఆ ఊరివాడే అయిన ఉపాధ్యాయుడి పళ్లూ అలాగే ఉంటాయి. అక్కడ ‘ఫ్లోరిన్ నీళ్లు’ అన్న ఒక్క మాటతో విషయం ముగుస్తుంది. అదే పిల్లవాడు ఆరో తరగతికి గురుకులంలోనో, బస్సు పంపే ప్రైవేటు పాఠశాలలోనో చేరి, సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో కోదాడలోనో కాలువ నీటి మీద పెరిగిన పిల్లల మధ్య కూర్చున్న రోజు, నిన్నటి వరకు ఊరి గుర్తుగా ఉన్నది ఇవాళ అతడి ఒక్కడి లోపమవుతుంది. శరీరంలో మారినది ఏమీ లేదు, చుట్టూ ఉన్నవారి లెక్క మారింది. ఏ గుర్తయినా తేడా అనిపించుకోవడం దానిని మోసేవాడి మీద కంటే చూసేవారి సంఖ్య మీద ఎక్కువగా ఆధారపడుతుందన్న వాస్తవం ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వెలువరించిన ‘స్టిగ్మా’ అనే గ్రంథంలో, కళంకం అనేది మనిషికి అంటిపెట్టుకున్న గుణం కాదని, ఇద్దరి మధ్య ఏర్పడే సంబంధమని వాదించాడు. అమెరికాలోనే కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో 1901లో వైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడికి స్థానికుల్లో చాలామంది పళ్లు గోధుమరంగులో ఉండటం వింతగా తోచింది. అక్కడివారికి అది మామూలు సంగతే, వింతగా తోచింది బయటి నుంచి వచ్చినవాడికే. ఆ మరకకు కారణం నీటిలోని ఫ్లోరైడేనని తేలడానికి 1931 వరకు పట్టింది.

ఇప్పుడు తలెత్తిన పరిస్థితి మరింత సున్నితమైనది. నదీజలాలు ఇంటికి వచ్చాక పుట్టిన చిన్న పిల్లల పళ్లు తెల్లగా వస్తున్న పల్లెల్లో, వారి అక్కలూ అన్నలూ మాత్రం పాత నీటి గుర్తును మోస్తూ పై తరగతుల్లో ఉంటారు. సమస్య తగ్గిన కొద్దీ మిగిలినవారు అల్పసంఖ్యాకులవుతారు, వారి మీద పడే చూపు పదునెక్కుతుంది. ఒక రోగం ప్రాంతం నుంచి తొలగిపోతున్న దశలోనే దాని చివరి బాధితులు ఎక్కువ ఒంటరితనం అనుభవించే ప్రమాదం ఉంది.

మొర్రి, మచ్చ, వాటి చుట్టూ అల్లిన కథలు

ఫ్లోరోసిస్ విషయంలో కారణం ఊరందరికీ తెలుసు కాబట్టి కుటుంబం మీద నింద పడదు. గ్రహణం మొర్రి విషయంలో అలా కాదు. సుమారు 700 నుంచి 1,000 జననాలకు ఒకటి చొప్పున ప్రపంచమంతటా కనిపించే ఈ స్థితిలో, గర్భస్థ శిశువు పై పెదవి భాగాలు గాని అంగిలి భాగాలు గాని పూర్తిగా కలవక చీలిక మిగిలిపోతుంది. గ్రహణం వేళ గర్భిణి కత్తి పట్టిందనో, కూరగాయ తరిగిందనో, బయటికి వచ్చిందనో చెప్పి తెలుగువారు తల్లిని దోషిగా నిలబెట్టారు. పెదవి కలిసేది గర్భధారణ నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అంగిలి కలిసేది ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య అని వైద్యశాస్త్రం చెబుతున్నది. అంటే చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలిసే నాటికి పెదవి కలిసే దశ మొదలయ్యే ఉంటుంది, ఏడో నెలలో వచ్చిన గ్రహణానికి దానితో ఏ సంబంధమూ లేదు. జన్యు కారణాలు, పోషకాహార లోపం, గర్భిణి వాడిన కొన్ని మందులు, పొగాకు వంటివి కలిసి పనిచేస్తాయి. పెదవికి శస్త్రచికిత్స సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి ఏడాది అటూఇటూగా చేస్తారు. సకాలంలో జరిగితే బిడ్డ బడిలో చేరేనాటికి పెదవి మీద సన్నని గీత మాత్రమే మిగులుతుంది. ఆలస్యమైతే గాలి ముక్కులోంచి పోవడం వల్ల మాట ముక్కుతో వస్తుంది, తరగతిలో పాఠం పైకి చదవమన్నప్పుడు నవ్వులు మొదలయ్యేది అక్కడే. ఉత్తరప్రదేశ్‌లోని ఒక పేద బాలిక మొర్రి వల్ల బడికి దూరమై, ఉచిత శస్త్రచికిత్సతో తిరిగి తోటి పిల్లల్లో కలిసిన కథను చూపిన ‘స్మైల్ పింకీ’ అనే లఘు డాక్యుమెంటరీకి 2009లో ఆస్కార్ వచ్చింది.

బొల్లి కథ వేరు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలను శరీరపు రక్షణ వ్యవస్థే పొరపాటున నాశనం చేయడం వల్ల తెల్లమచ్చలు ఏర్పడతాయి. సగం మందిలో ఇది ఇరవై ఏళ్లలోపే మొదలవుతుంది కాబట్టి, ఐదో తరగతిలో మామూలుగా ఉన్న పిల్ల ఏడో తరగతికి వచ్చేసరికి పెదవుల చుట్టూ, వేళ్ల కొసల మీద మచ్చలతో కనిపించవచ్చు. పుట్టుకతో వచ్చిన తేడాకు తోటి పిల్లలు అలవాటు పడిపోతారు గాని, తమ కళ్ల ముందే పెరిగే మచ్చను చూసి అంటుకుంటుందేమోనని భయపడతారు. పెద్దలు దానిని ‘తెల్ల కుష్ఠు’ అని పిలవడం ఆ భయానికి ఆజ్యం పోసింది. కుష్ఠు మచ్చ మీద స్పర్శ తెలియదు, బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది, బొల్లి ఒకరి నుంచి ఒకరికి ఏ విధంగానూ అంటదు. ఈ మూడు ముక్కలు సైన్సు ఉపాధ్యాయుడు ఒక పీరియడ్‌లో చెప్పగలిగినవే. మధ్యాహ్న భోజనం దగ్గర ఒక పిల్ల పళ్లెం విడిగా కడుగుతున్నారంటే ఆ పీరియడ్ ఇంకా జరగలేదని అర్థం.

చూడటం, అడగటం, వెక్కిరించటం

కొత్తగా కనిపించిన దానిని పిల్లలు తేరిపార చూస్తారు, తర్వాత అడుగుతారు. ఈ రెండూ సహజమైనవే, తప్పులు కావు. జవాబు దొరకనప్పుడో, పెద్దలు ‘ష్, అట్ల అడగొద్దు’ అని నోరు మూయించినప్పుడో ఆ కుతూహలం గుసగుసగా, ఆ తర్వాత ‘మొర్రోడు’, ‘పచ్చ పండ్లోడు’ వంటి పేర్లుగా మారుతుంది. కాబట్టి అడిగే దశలోనే పొట్టిగా, నిజంగా, బెదురు లేకుండా జవాబు ఇవ్వడం ముఖ్యం. పద్దెనిమిదేళ్ల వయసులో కారు మంటల్లో ముఖం కాలిన జేమ్స్ పార్ట్రిజ్ 1992లో బ్రిటన్‌లో స్థాపించిన ‘చేంజింగ్ ఫేసెస్’ అనే సంస్థ పిల్లలకు నేర్పే పద్ధతిలో మూడు మెట్లున్నాయి: విషయం వివరించడం, ఎదుటివారికి భరోసా ఇవ్వడం, మాటను వేరే సంగతికి మళ్లించడం. నల్లగొండ పిల్లవాడి నోట అది ఇలా ఉంటుంది: ‘మా ఊర్ల ఫ్లోరిన్ నీళ్లు తాగినందుకు పండ్లు గిట్లయినయ్. నీకేం అంటుకోదు. సరేగని, లెక్కల హోంవర్క్ చేసినవా?’ ఈ మూడు వాక్యాలను ఇంట్లో తల్లితోనో అక్కతోనో నాలుగుసార్లు అనుకుని వెళ్లిన పిల్లవాడికీ, ఏమనాలో తెలియక తలదించుకునే పిల్లవాడికీ మధ్య తేడా చాలా పెద్దది.

రూపం గురించిన మనస్తత్వ పరిశోధనలు, ముఖ్యంగా బ్రిటన్‌లో నికోలా రమ్సీ వంటివారు చేసిన కృషి, సామాన్య అంచనాకు విరుద్ధమైన ఒక విషయాన్ని తేల్చింది. తేడా ఎంత పెద్దదైతే బాధ అంత ఎక్కువ ఉంటుందనుకోవడం సరికాదు. చిన్న మచ్చతో కుంగిపోయేవారూ ఉన్నారు, ముఖమంతా కాలినా నలుగురిలో కలివిడిగా తిరిగేవారూ ఉన్నారు. ఇంటి అండ, స్నేహితులు, తన గురించి తనకున్న అభిప్రాయం ఇవే ఎక్కువగా నిర్ణయిస్తాయి. అందువల్ల ‘ఈ మాత్రం మచ్చకేనా ఇంత ఏడుపు’ అనే మాట ఎంత మంచి ఉద్దేశంతో అన్నా హాని చేస్తుంది.

ఒకే గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన కలుపుగోలుతనం రాదన్నది కూడా తెలిసినదే. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించిన సంపర్క సిద్ధాంతం ప్రకారం, రెండు వర్గాల మధ్య దురభిప్రాయం తొలగాలంటే వారు సమాన హోదాలో కలవాలి, ఒకే లక్ష్యం కోసం పనిచేయాలి, ఒకరి సాయం మరొకరికి అవసరం కావాలి, పై అధికారం దానిని బాహాటంగా సమర్థించాలి. తేడా ఉన్న పిల్లవాడికి ‘సాయం చేయండి’ అని తరగతికి చెప్పడం ఈ నాలుగింటిలో మొదటిదానినే భంగపరుస్తుంది. కబడ్డీ జట్టులో అతడిని తీసుకోవడం, సైన్సు ప్రాజెక్టులో అతడికి పని అప్పగించడం, ప్రార్థన సమావేశంలో వార్తలు చదివే వంతు అందరితో పాటు అతడికీ ఇవ్వడం ఆ పనిని నిశ్శబ్దంగా చేస్తాయి. వార్షికోత్సవంలో ముందు వరుస నృత్యానికి ఎవరిని ఎంపిక చేస్తున్నారో గమనిస్తే ఆ బడి ఏ మాత్రం మారిందో ఇట్టే తెలిసిపోతుంది. పట్టణాల్లో ఫ్లెక్సీల మీదా బస్సుల వెనుకా పిల్లల ఫొటోలు వేసుకునే ప్రైవేటు పాఠశాలలకు ఈ పరీక్ష మరీ కఠినమైనది.

చట్టం ఎక్కడి దాకా వస్తుంది

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఏ బిడ్డనూ శారీరక దండనకు గాని మానసిక వేధింపుకు గాని గురిచేయరాదని చెబుతున్నది. ఎవరు చేసే వేధింపు అని ఆ వాక్యం విడదీయలేదు. కానీ ఉల్లంఘనకు చెప్పిన శిక్ష సేవా నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య కాబట్టి, ఆచరణలో అది ఉపాధ్యాయులకూ సిబ్బందికీ వర్తిస్తుంది, బెంచీ మీద పక్కవాడి దాకా రాదు. తరగతిలో ఉపాధ్యాయుడే ‘ఏరా కుంటోడా’ అని పిలిచే అలవాటు ఉన్నచోట మాత్రం ఈ సెక్షన్‌ను గుర్తుచేయవచ్చు, గుర్తుచేయాలి కూడా.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి గాయాలు అందులో చేరాయి. బహిరంగంగా కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష విధించే నిబంధన 92వ సెక్షన్‌లో ఉంది. ఎముకల ఫ్లోరోసిస్‌తో నడక దెబ్బతిన్న బిడ్డ ప్రభుత్వ వైకల్య నిర్ధారణ (సదరం) శిబిరంలో ధ్రువపత్రం పొంది ఈ రక్షణ కిందికి రావచ్చు. బొల్లి, దంత ఫ్లోరోసిస్, వంటింట్లో కాలిన మచ్చ, కుట్లు వేసిన మొర్రి మాత్రం జాబితాలో పేరున్న వైకల్యాలు కావు. అవయవం పనిచేస్తున్నదా లేదా అన్నదే కొలమానమైన చోట, ఎదుటివారి చూపు వల్ల కలిగే నష్టానికి శాతం కట్టే పద్ధతి లేదు. చట్టంలోని ఈ ఖాళీ చిన్నది కాదు, దానిని పూడ్చవలసిన బాధ్యత ప్రస్తుతానికి పాఠశాల ప్రధానోపాధ్యాయుడి మీదనే పడుతున్నది.

వైద్యం వైపు దారి కొంత మెరుగ్గా ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఏడాదికి ఒకసారి వెళ్లి, పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, మొర్రి, వంకర పాదం, చర్మ, దంత సమస్యలతో సహా 30 రకాల స్థితులను గుర్తించి పై ఆసుపత్రులకు పంపాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక చర్మ, దంత వైద్యుల కోసం ప్రతిసారీ హైదరాబాదు వెళ్లవలసిన అవసరం కొంత తగ్గింది. పంటి మరకల విషయంలో, పై పొరను అతి పలుచగా అరగదీసి మరకను తగ్గించే చికిత్స, పంటిరంగు పదార్థం పూసే చికిత్స ఉన్నాయి. గట్టి తొడుగుల వంటివి ఎదుగుదల పూర్తయ్యే దాకా ఆగవలసినవి. వేపపుల్లతోనో, బొగ్గుపొడితోనో, ఉప్పుతోనో గట్టిగా తోమితే మరక పోదు, ఉన్న ఎనామిల్ కూడా అరుగుతుంది.

పరీక్ష బృందం రావడం ఏడాదికి ఒక్కసారే కాబట్టి, ఆ రోజు మొహం చాటేసి ఇంట్లో ఉండిపోయే పిల్లలే ఎక్కువగా తప్పిపోతారు. తమ బిడ్డ బడికి ఆ బృందం వచ్చే తేదీని ప్రధానోపాధ్యాయుడిని ముందుగా అడిగి తెలుసుకుని, ఆ రోజు బిడ్డ వెంట తామూ బడికి వెళ్లడం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల తల్లిదండ్రులు ఈ విద్యాసంవత్సరంలోనే చేయగలిగిన పని. బడిలో వేధింపు ఆగకపోతే 1098కి ఫోన్ చేయవచ్చు, ఆ కాల్‌కు ఖర్చు లేదు.